ప్రభువు బల్ల మీది పలచటి ద్రాక్షారసం

బైబిలు మీద చెయ్యి పెట్టి రాస్తున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనీండి, రెండో చెయ్యి కూడా పెడతాను.

మాది ఖిలా వరంగల్. మా బాపు మిషన్ దవాఖానలో కంపౌండరు. అక్కడ పనిచేసిన జర్మన్ డాక్టరొకాయన స్వదేశం వెళ్లిపోతూ బాపుకు ఒక ద్రాక్షకొమ్మ, ఎర్ర ద్రాక్షారసం ఎట్లా తియ్యాలో తెలుగులో రాసిన కాగితం ఇచ్చిపోయాడు. చలికొండల జాతి, జాగ్రత్త అన్నాడట. బాపు దాన్ని మా పెరట్లో మట్టికోట నీడ పడేచోట నాటి, కొమ్మలు కొట్టి నాటుతూ నాలుగేళ్లలో పందిళ్ల తోట చేశాడు.

వరంగల్‌లో దానికి చలి ఎక్కడినుంచి తేవాలి? పడమటి పక్క వట్టివేళ్ల తడికెలు కట్టి పొద్దున, సాయంత్రం తడిపేవాడు. ఎండ ముదిరితే ఐసు దిమ్మలు తెప్పించి, రంపపుపొట్టులో చుట్టి, మొదళ్ల దగ్గర పాతేవాడు.

ఐసుబండి చాచా దిమ్మ దించినప్పుడల్లా అడిగేవాడు: "కంపౌండర్ సాబ్, చెట్టుకు సలిజొరమొస్తే సూదేస్తవా?"

"నీకెందుకు ఫికర్ చాచా, జర మెల్లగ దించు, ఏర్లు తెగుతయ్."

పందిరి కింద ఎంత చల్లగా ఉండేదంటే, మధ్యాహ్నం వాడకట్టు మేకలన్నీ అక్కడికే వచ్చి పడుకుని వణికేవి.

నేను డిగ్రీ మొదటి ఏడు చదివేటప్పుడు సరిపడా కాపు వచ్చింది. ఈస్టరుకు ప్రభువు బల్ల మీద, ఆయన రక్తానికి గుర్తుగా సంఘమంతా తాగేది, తన తోట రసం కావాలని బాపు కోరిక. ఆ నాలుగేళ్లూ ఆయన ఇంకేమీ కోరలేదు. మా చర్చి ఆనవాయితీ వేరు. కిస్మిస్‌ను చక్కెర, లవంగాలతో సిరాలా నల్లబడేదాకా మరిగించి పెట్టేవాళ్లు. ఆ పని సంఘపెద్ద ఇంట్లో జరిగేది. బాపు మాత్రం కాగితంలో ఉన్నట్టే తొక్కలు తొందరగా తీసేసి, కుండను తడి ఇసుకలో ఉంచాడు. వచ్చింది పలచటి ఎరుపు. గ్లాసులో పోస్తే అవతలి వేళ్లు కనిపించేవి.

ఈస్టరు ముందు శనివారం మధ్యాహ్నం, చర్చి వెనక గదిలో పాస్టరు అయ్యగారి ముందు సీసా పెట్టాం. సంఘపెద్ద గ్లాసు ఎత్తి చూశాడు.

"ఏం కంపౌండరూ, ప్రభువు రక్తం గిట్లుంటదా? ఇది రక్తం లేనోని రక్తం. ముందు టానిక్కు పట్టియ్యి."

"రంగు ఇడిసిపెట్టన్నా, ఒక్క గుక్క రుచి జూడు."

"రంగే లేనిదానికి రుచేడిది? రేపు మా ఇంటి రసమే పెడ్దాం అయ్యగారూ."

బాపు సీసా మూత పట్టుకుని నిలబడ్డాడు. సీసాకు బిగించడు, కింద పెట్టడు. అయ్యగారికి ఇద్దరూ కావలసినవాళ్లే. దవాఖాన చూడటానికి వచ్చిన జర్మన్ దొరసాని అక్కడే కూర్చుని ఉంటే, ఆయన గ్లాసు ఆమె చేతికిచ్చాడు. ఆమె కిటికీ వెలుగులో తిప్పి చూసి, వాసన చూసి, తాగి, ఇంగ్లీషులో చాలాసేపు ఏదో చెప్పింది. అయ్యగారిది బైబిలు ఇంగ్లీషు, బాపుది మందుల పేర్ల ఇంగ్లీషు. ఇంగ్లీషు మీడియం చదువు నా ఒక్కడిదే. అందరూ నా వైపు తిరిగారు.

నేను గొంతు సవరించుకున్నాను.

"తమ దేశంల మంచి ద్రాక్షారసం ఇట్లనే పల్చగుంటదట. సలికొండల పండుకు రంగు తక్కువ, వాసన ఎక్కువట. వాళ్ల చర్చిల బల్ల మీద పెట్టేది గూడ ఇదేనట. దీన్ని వద్దన్న సంఘాన్ని ఇంతవరకు సూడలేదంటున్నది."

"దొరసానే అన్నంక ఇంకేమున్నది" అంటూ సంఘపెద్ద కుర్చీలో వెనక్కి వాలాడు. మర్నాడు బల్ల మీద బాపు రసమే.

ఇక ఒప్పుకోవాలి. తడికెలు నిజం, ఐసు నిజం, మేకలు వణకడం కూడా నాకు గుర్తున్నంతవరకు నిజమే. కల్పించింది దొరసాని మాటలు. అదీ ఇప్పుడు కాదు, ఆ రోజే, ఆ గదిలోనే, బాపు చేతిలో మూత చూసి. ఆమె యాస నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బాగుందన్నదో, పులిసిపోయిందన్నదో ఇవాళ్టికీ తెలియదు. బాపు మాత్రం పోయేదాకా, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఆ నాలుగు మాటలూ పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. నేను పక్కన కూర్చుని తలూపేవాణ్ని.