చామనఛాయ

మొన్న టౌరంగా అనే ఊరి నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, అమ్మ పోయి ఏడాది కావస్తోంది కదా, గోడకు పెట్టుకోవడానికి మంచి ఫొటో ఒకటి పంపమంది. పంపాను. పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్. "నాన్నా, అమ్మ ఇంత వైట్‌గా ఉండేది కాదు కదా? ఎడిట్ చేశావా?" అంది.

చేశాను. చెయ్యకుండా ఏనాడున్నాను గనక! పౌడరు రాసుకుని స్టూడియోలో బిగుసుకుని కూర్చున్న మన తరంవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. కాకినాడలో నేను పని నేర్చుకునే రోజుల్లో, పెళ్ళిచూపులకు పంపే ఫొటో అంటే చాలు, మా గురువుగారు నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో దిద్ది దిద్ది, పిల్ల ఒక ఛాయ తేలేదాకా వదిలేవారు కారు. ఆ అలవాటు నా వేళ్ళకు పట్టుకుని, ఈ పరాయి దేశంలో పాపకూర అనే ఈ ఊరికి వచ్చి కంప్యూటర్ మీద దిద్దడం మొదలుపెట్టాక కూడా పోలేదు.

మా ఆవిడది చక్కటి చామనఛాయ. ఆమె ఫొటో ఏది తీసినా ముందు ముఖం తేల్చి, దాని మీదే సేవ్ కొట్టేసేవాణ్ణి. కస్టమర్లవైతే అసలు కాపీ జాగ్రత్తగా దాచేవాణ్ణి గానీ, ఇంటి మనిషికి అదెందుకు అనుకున్నాను, బుద్ధి గడ్డి తిని. "ఎవరండీ ఈవిడ, నాకు సవతా?" అని వెక్కిరించేది. నేను నవ్వేసేవాణ్ణి.

అమ్మాయి అడిగిన దగ్గర్నుంచి ఆ ముఖాన్ని అసలు రంగుకు తెద్దామని కూర్చుంటే, ఎంత దిద్దినా బూడిద పూసినట్టవుతుంది తప్ప ఆమె కాదు. పోనీ కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుందామంటే ఆ ఛాయ అందదు, నలభై ఏళ్ళు ఎదురుగా తిరిగిన మనిషిది! ఏడుపొచ్చింది.

చివరికి ఇక్కడి తెలుగువాళ్ళ పాప మొదటి పుట్టినరోజు ఫొటోల అసలు కాపీల్లో దొరికింది. పాప మీద వెలుగు పడేలా తెల్ల అట్ట పట్టుకుని పక్కన నిలబడింది మా ఆవిడే. వాళ్ళకిచ్చిన ఫొటోలో నేను కత్తిరించేసిన అంచున, గాజులతో సహా ఆమె చెయ్యి ఉంది. అదే రంగు. దాన్ని అమ్మాయికి పంపితే "ఇది అమ్మే" అంది.

ఆ రంగే తీసి ముఖానికి వేద్దామని మౌస్ పట్టుకుని, మళ్ళీ వదిలేశాను. ఇంకోసారి ఆమెను దిద్దడం నా వల్ల కాలేదు. ఇప్పుడు బటన్ నొక్కకముందే ఫోన్లే అందరినీ తెల్లబరిచేస్తున్నాయి, నా పనితనం ఎవరికీ అక్కర్లేదు. తెర మీద ఆ చెయ్యి పెట్టుకుని ఈ ఫ్లాట్‌లో ఒక్కణ్ణే కూర్చుంటున్నాను. ఎవరండీ ఈవిడ అని అడిగే మనిషి పోయాక గానీ, ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదని తెలిసిరాలేదు.