శ్లాబుకి అంటిన ముగ్గు

మొన్న మంగళవారం పొద్దున్నే కరెంటు పోగానే మా తమ్ముడి కూతురు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. దానిది ఇంటి నుంచి చేసే ఉద్యోగం, వాళ్ళ ఇల్లు మా వీధి చివరే, మాకు ఇన్వర్టరు ఉంది, వాళ్ళకి లేదు. ఊరందరి భవనాలకీ కరెంటు డిజైన్ చేసే ఇంజనీరు ఇంట్లో కరెంటుకి దిక్కులేదని నేను ఏడిపిస్తే వినీ విననట్టు ఫ్యాను కిందకి బల్ల లాక్కుంటుంది. ఆ రోజు మాత్రం కూర్చున్న కాసేపటికే తల పట్టుకుంది.

“నా లైట్లన్నీ ఎగిరిపోయాయి పెదనాన్నా!”

సంగతేమిటంటే, అది పని చేస్తున్న ఆసుపత్రి ప్లానులో ఆర్కిటెక్టు పాత సీలింగు చెరిపేసి కొత్తది గీశాడట. పాతదాన్ని పట్టుకుని వేలాడుతున్న దీపాలన్నీ ఎవరికీ చెప్పకుండా దానితోపాటే మాయమయ్యాయి. సాయంత్రానికి డ్రాయింగు పంపాలి. నాకు నవ్వొచ్చింది. నేనూ ఒకప్పుడు అదే పని చేసినవాణ్ణి. మా కాలంలో సాఫ్ట్‌వేరు మొండితనం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండేది. గోడ పక్కకి జరిగినా మా దీపాలు అంగుళం కదిలేవి కావు. వంటగది అటు జరిగిపోతే వంటింటి లైటు వరండాలో వెలుగుతూ ఉండేది. ఒక్కొక్కదాన్నీ మనమే పట్టుకుని దాని చోటికి దిగబెట్టాలి.

నేను రోజూ డైరీ రాసే మనిషిని కనుక చెదలు పట్టని ఏ సంవత్సరాన్నయినా తీసి చదువుకోగలను గానీ, మా బావగారి ఇంటి శ్లాబు సంగతికి మాత్రం డైరీ అక్కర్లేదు. అప్పట్లో నేను విశాఖపట్నంలో ఒక డిజైన్ ఆఫీసులో పని చేసేవాణ్ణి. డ్రాయింగు బల్లలన్నీ గోడకి చేర్చేసి, చల్లటి గది ఒకటి కట్టించి కంప్యూటరు దింపిన కొత్త. చెప్పులు బయట విడిచి, గుళ్ళోకి వెళ్ళినట్టు లోపలికి వెళ్ళేవాళ్ళం. కంప్యూటరు వెనక బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఒకటి గుచ్చి ఉండేది. దాన్ని మేం తాళం అనేవాళ్ళం. అది లేకపోతే డిజైన్ సాఫ్ట్‌వేరు తెరుచుకునేది కాదు.

మా అక్కా బావా ఇక్కడే, నర్సీపట్నంలో, ఇల్లు మొదలుపెట్టి విజయదశమి పొద్దున్న శ్లాబుకి ముహూర్తం పెట్టుకున్నారు. కరెంటు డిజైన్ బావమరిది బాధ్యత. తీరా శ్లాబు దగ్గర పడ్డాక బావగారు రెండు గోడలు జరిపించారు. సరే, నవమి నాడు పూజ అవగానే దీపాలూ ఫ్యాన్లూ కొత్త చోట్లకి మార్చి, డ్రాయింగు తీసుకుని బస్సెక్కుదామనుకున్నాను. ఫ్యాను పెట్టెలూ, వైర్ల గొట్టాలూ కాంక్రీటు పడకముందే అమర్చాలి. ఆ పూట తప్పితే తర్వాత కొత్త శ్లాబుని ఉలితో పొడుచుకోవాలి. అక్క ఎన్నో ఏళ్ళు అద్దె ఇళ్ళలో వేచి కట్టుకుంటున్న ఇల్లది.

ఆయుధపూజ మా ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారి చేతి మీదుగా జరిగేది. ఆయన ఏ పనిముట్టునీ చిన్నబుచ్చరు. స్కేళ్ళకీ, కంపాసులకీ, కంప్యూటరు నుదుటికీ బొట్లు పెట్టి, అసలైన ఆయుధం తాళమే కదా అని దాన్ని ఊడదీసి, పసుపు ముద్దలో ముంచినంత పని చేసి, కుంకుమ అద్ది, భక్తిగా మళ్ళీ గుచ్చారు. తాళం కనిపించడం లేదని తెర మీద వచ్చింది. తుడిచాం, ఎండబెట్టాం, ఊదాం. అదే మాట. ఆయన తాళాన్ని తెర ముందు పట్టుకుని గట్టిగా అడిగారు.

“ఎదురుగా ఎట్టి సూపిస్తంటే కనపళ్ళేదంటాదేటండీ ఇది?”

పండగ రోజు కొత్త తాళం ఎక్కడ దొరుకుతుంది? ఉత్త చేతులతో మధ్యాహ్నం బస్సెక్కాను. నేను దిగేసరికి సెంట్రింగు రేకులు పరిచేసి ఉన్నాయి. విషయం విన్న బావగారు నన్ను ఎగాదిగా చూశారు.

“అయితే బామ్మర్దీ, మీ పెట్టికి బొట్టెట్టీసి మా ఇంటికి సీకటెట్టీసినారన్నమాట!”

“ఆ గోడలు ఆకరి నిమసంలో జరిపించింది ఎవులు? ముందు ఆడికేం కావాలో అడుగు,” అని అక్క ఆయన్ని కసిరింది.

నాకు కావలసింది ఒక దారం. రేకుల సందుల్లోంచి గోడల అంచులు కనిపిస్తూనే ఉన్నాయి. ఒక మూల నుంచి ఎదుటి మూలకి దారం లాగి, మిగిలిన రెండు మూలలకీ అలాగే లాగితే, రెండూ కలిసిన చోటే గది నడిమధ్య, అక్కడే ఫ్యాను. ఒక కొస అక్క, ఒక కొస బావ పట్టుకున్నారు. ఎవరు సరిగ్గా లాగడం లేదన్న దాని మీద వాళ్ళిద్దరి వాదన వీధి చివరికి వినిపించింది. రేకులకి నూనె రాసి ఉండడంతో సుద్దముక్క జారిపోయి గుర్తు పడలేదు. అప్పుడు అక్క కిందకి దిగి ముగ్గుపిండి తెచ్చి, ప్రతి గుర్తు చుట్టూ చిన్న ముగ్గు పెట్టింది. చీకటి పడేలోపు గొట్టాలూ పెట్టెలూ అమరిపోయాయి, దశమి పొద్దున్న ముహూర్తానికే కాంక్రీటు పడింది.

సెంట్రింగు విప్పిన రోజు తలెత్తి చూస్తే ఒక్కొక్క పెట్టె చుట్టూ ముగ్గు తిరగబడి, తెల్లగా, శ్లాబుకి అంటుకుని ఉంది. అన్నీ నడిమధ్యనే ఉన్నాయి, అక్క పడుకునే గదిలో తప్ప. అక్కడ మా దారం ఏదో ఇనప చువ్వకి తగులుకుని వంగినట్టుంది, ఫ్యాను మూరెడు కిటికీ వైపు తప్పుకుంది. అక్క మంచాన్ని కిటికీ వైపు జరిపించుకుంది. బావగారు మాత్రం ఇప్పటికీ వచ్చిన చుట్టాలందరికీ దాన్ని చూపిస్తారు.

“మా ఇంజనీరు బామ్మర్ది పని. గది మద్దెన మంచం ఏసుకునే రాత నేదు నాకు.”

ఇదంతా చెబుతుంటే మా పిల్ల నవ్వుతూనే పని చేసుకుపోయింది. భోజనానికి లేవమన్నా లేవలేదు, కంచం దాని బల్ల దగ్గరికే వెళ్ళింది. సాయంత్రానికి డ్రాయింగు పంపేసి వొళ్ళు విరుచుకుంది.

“ఈసారి సీలింగుకి కట్టలేదు పెదనాన్నా, నేల నుంచి ఎత్తు కొలిచి పెట్టేశాను. ఆ ఆర్కిటెక్టు ఎన్నిసార్లు చెరుపుకున్నా నా లైట్లు కదలవు.”

ఆ తెలివికి మురిసిపోయాను. ఇంతకీ ఆ ఆసుపత్రి ఏ ఊళ్ళో అని అడిగితే, ఫైలు మీద నంబరే ఉంటుందని చెప్పి, కరెంటు వచ్చిందని లాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయింది. దాని దీపాలు వెంట్రుకవాసి కూడా తప్పవు. వాటి కింద ఎవరు పడుకుంటారో దానికి ఎప్పటికీ తెలియదు. తప్పితే మంచం జరుపుకునేదెవరో, ఏళ్ళ తరబడి వెక్కిరించేదెవరో కూడా తెలియదు.

ఆదివారం అక్కావాళ్ళింట్లో భోంచేసి, ఎప్పటిలాగే ఆ కిటికీ పక్క మంచం మీద కాసేపు నడుం వాల్చాను. ఫ్యాను మూడోసారి మారింది, చోటు మాత్రం అదే. పైన తెల్లటి సున్నం. దాని వెనక ప్లాస్టరింగు, దాని వెనక అక్క ముగ్గు ఇంకా అంటుకునే ఉండి ఉంటుంది.