దండెం మీద తెల్ల చొక్కా

మొదటి ఏడాది బళ్ళారి కాలేజీలో చదివి, రెండో ఏడు హైదరాబాదులో నేను కలలుగన్న యూనివర్సిటీకి మారాను. బళ్ళారి దగ్గర సండూరులో మా ఇంటి ముందు ఇనుప గనుల లారీలు పోతాయి. ఎర్రదుమ్ముకు భయపడి బట్టలు ఇంట్లోనే ఆరేస్తాం. హాస్టల్లోనూ కిటికీలు మూసి గదిలోనే ఆరేశాను. ముక్కిన వాసన వస్తోందని నాతో గదిలో ఉండేవాడు తిట్టాడు. ఒళ్ళు మండింది. దుమ్ము ఎరగనివాడికేం తెలుసు? అయినా మేడమీద ఆరేయడం అలవాటైపోయింది.

గనిలో పనిచేసే నాన్న దగ్గి దగ్గి పోయాడని కబురొస్తే ఇంటికి వెళ్ళాను. మూడోరోజు నా తెల్ల చొక్కా ఉతికి వాకిట్లో దండెం మీద వేశాను. సాయంత్రానికి అది ఎర్రబారింది. అమ్మ దాన్ని తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"ఈ దుమ్మే మీ నాయన్ను తినింది. దీన్నే మర్చిపోతివా అప్పా?"