ఇంటిపేరొక్కటే మిగిలిన ఆటగాడు

మా కింద పోర్షన్ మాస్టారు మొన్న పొద్దున పోయారు. ఆయన కూతురు ఫోన్ చేసేసరికి నేను ఆఫీస్ పార్కింగ్‌లో ఉన్నాను. చాలాసేపు కారు దిగలేకపోయాను.

అమెరికాలో మేముండే ఈ ప్లెయిన్స్‌బరోలో ఆయన్ని ‘మాస్టారూ’ అని పిలిచేది మేమే. స్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన అమెరికన్. ఆ మాటకి అర్థం చెప్పాక, పేరుతో పిలిస్తే మాకు పలకడం మానేశారు.

మా స్నేహం నా వీసా పుణ్యం. పాస్‌పోర్టులో నా పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోయింది. దాంతో వీసాలో అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడింది. పేరు తెలియదని దానర్థం. బారసాల చేసి మరీ పెట్టిన పేరు! మందుల షాపులో అమ్మాయి ఆ మూడక్షరాలూ కలిపి చదివి “ఫ్నూ! ఫ్నూ!” అని కేకేస్తుంటే అందరూ నవ్వారు. వరసలో నా వెనకున్న మాస్టారు నవ్వలేదు. “మీలాంటివాడే ఇంకొకతను నాకు తెలుసు” అన్నారు.

ఆ ఇంకొకతను వందేళ్ళ కిందటి బేస్‌బాల్ ఆటగాడు. బంతి విసిరే పిచ్చర్, ఎడంచేతివాటం. బట్టలమిల్లు జట్టులో మొదలుపెట్టి, ఒక్క వేసవి పెద్ద లీగ్‌లో ఆడాడు. భుజం దెబ్బతిన్నాక ఊరూరా చిన్న జట్లకి ఆడుతూ, మా అపార్ట్‌మెంట్ల వెనక మైదానంలో ఆఖరి ఆట ఆడి, ఎటో వెళ్ళిపోయాడు. రికార్డుల్లో ఇంటిపేరొక్కటే ఉంది. అసలు పేరు కనుక్కోకుండా తను పోకూడదని మాస్టారి పంతం. “స్కోరు రాసుకున్నారు, మనిషిని రాసుకోలేదు” అనేవారు.

మాతో ఉండే మా అత్తయ్య అది విని, “పేరు తెలీకపోతే నీళ్ళెవరికని వదుల్తారమ్మా? పాపం, దాహంతో తిరుగుతుంటాడు” అన్నారు. ఆ మాట మాస్టారికి ఇంగ్లీషులో చెప్పాను. మర్నాటి నుంచి ఆయన వరండాలో తన పక్కన ఇంకో కుర్చీ వేసి, దాని ముందు గ్లాసుతో నీళ్ళు పెట్టేవారు. సాయంత్రానికి గ్లాసు ఖాళీ. ఎండకి ఆవిరయ్యాయేమో అంటే, “కావచ్చు” అనేవారు, ఎంతో మర్యాదగా. నాకు భయమేసేది.

ఈ వేసవిలో జబ్బుపడ్డారు. ఓ రోజు మేమిచ్చిన పులిహోర గిన్నె ఆయన కడిగి తిరిగిస్తుంటే అత్తయ్య నొచ్చుకున్నారు.

“అదేమిటే, ఎడంచేత్తో ఇస్తాడు? ఎప్పుడూ అలా చెయ్యడే!”

నిజమే. అప్పట్నుంచి చెంచా, తాళంచెవి, అన్నీ ఎడంచేత్తోనే. డాక్టర్ ఏదో కారణం చెప్పారు. నమ్మాలనే అనుకున్నాను.

చివరిసారి చూడబోతే దగ్గరికి రమ్మన్నారు. “దొరికింది. అతనే చెప్పాడు. మీ అత్తగారికి చెప్పండి” అని చెవిలో ఓ పేరు చెప్పారు.

అది మాస్టారి సొంత పేరే.

మతి తప్పిందో, తన పేరే అతనికి ఇచ్చేశారో తెలీదు. మీరేమైనా అనుకోండి. ఈ దేశంలో నా పేరు అడిగి, సరిగ్గా పలికేదాకా నేర్చుకుని, నోరారా పిలిచింది ఆయనొక్కరే. ఆ గొంతు ఇక లేదంటే ఏడుపొస్తోంది.

అంత్యక్రియలయ్యాక అత్తయ్య నీళ్ళ చెంబు తెచ్చి నా చేతికిచ్చారు. “ఆడవాళ్ళు వదలకూడదంటారు గానీ, వాళ్ళకి ఇంకెవరు వదుల్తారు? కానియ్.”

మైదానంలో నిలబడి, ఆ పేరు పైకి చెప్పి, ఒక్కచోటే నీళ్ళు వదిలాను. అత్తయ్య గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. పక్కపక్కనే, రెండుచోట్ల గడ్డి తడిసింది.