వెంట్రుకవాసి తక్కువ

లియావ్ పోయెన్ రాసిన ప్రోగ్రాంలో తప్పుండదని ఆఫీసులో పేరు. తైచుంగ్ నగరంలో సోయాపాల కొట్టు పైన ఒంటిగదిలో ఉంటాడు. కింద కొట్టువాళ్లు షట్టరు దించితే చాలు, గుండెలో బెంగ మొదలవుతుంది. విడాకులయ్యాక నెలకొక్క ఆదివారం కూతురు యున్యున్‌ను అతని దగ్గరికి పంపుతారు. మిగతా రోజులు ఎలాగో గడుస్తాయి.

ఏడాదిగా పిల్లది ఒకటే జపం. నూట పదిహేను సెంటీమీటర్ల ఎత్తుకి పెరగాలి, మొదటిసారి రోలర్ కోస్టర్ నాన్నతోనే ఎక్కాలి. పార్కులో అంత ఎత్తు లేనివాళ్లను ఆపే గేటు మిషన్‌కి ప్రోగ్రాం రాసింది మా నాన్నేనని బడంతా చాటింపు వేసింది కూడా.

ఆ ఆదివారం గేటు ముందు బూట్లు విప్పి, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఎర్రలైటు వెలిగింది.

"నూట పధ్నాలుగు. ఇంకో నాలుగు ముద్దలు తిని రా బంగారం," అంది గేటు దగ్గరి అమ్మాయి.

"పొద్దున్నే అమ్మ గోడకి నిలబెట్టి కొలిచింది! నూట పదిహేనే! నాన్నా, నువ్వు చెప్పు!"

"మిషన్ తప్పు చెప్పదు తల్లీ. నేను రాసిందేగా. పై నెల వద్దాంలే," అన్నాడు పోయెన్.

పిల్ల ఏడవలేదు. "అయితే అమ్మే అబద్ధం చెప్పిందన్నమాట," అని బూట్లు తొడుక్కుంది. బస్సులో ఇల్లు చేరేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

మర్నాడు మనసాగక మిషన్‌లోని కొలత తీసి చూశాడు. సెన్సర్ ఒకటి పాయింటు ఒకటి ఐదు మీటర్లనే చెప్పింది. కానీ కంప్యూటర్ ఆ అంకెను ఉన్నదున్నట్టు పట్టలేక, వెంట్రుకవాసి తక్కువదాన్ని పట్టుకుంది. వందతో గుణిస్తే నూట పధ్నాలుగు, పాయింటు వెనక తొమ్మిదుల వరస వచ్చింది. దగ్గరి పూర్ణాంకానికి సవరించమనకుండా, పాయింటు తరువాతదంతా కోసిపారెయ్యమని రాసిన మహానుభావుడు తనే. ఇదే తప్పుకు కొత్తగా చేరినవాళ్లను ఎంత ఎగతాళి చేశాడో! ఒక్క మాట మారిస్తే గేటు బాగుపడింది.

పై నెల గేటు దగ్గరే చెప్పేశాడు. "ఆ రోజు నీ ఎత్తు సరిపోయింది తల్లీ. అమ్మ అబద్ధం చెప్పలేదు. తప్పు నాది."

యున్యున్ బూట్లు విప్పుతూ, తలెత్తకుండా అంది. "పోయిన వారం అమ్మ ఫ్రెండు కో అంకుల్ ఎక్కించాడు నాన్నా. వేరే పార్కులో. అక్కడ మిషన్ లేదు, గోడ మీద గీతే."

"భయమేసిందా?"

"ముందు వేసింది. అంకుల్ చెయ్యి పట్టుకున్నాడుగా."

పచ్చలైటు వెలిగింది. ఇద్దరూ ఎక్కారు. బండి పైకి పాకుతుంటే పోయెన్ ముందున్న కడ్డీని గట్టిగా పట్టుకున్నాడు. చిన్న చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది.

"కళ్లు మూసుకోకు నాన్నా. మొదటిసారి అలాగే ఉంటుంది. అంకుల్ చెప్పాడు."

దిగువకు జారుతున్నంతసేపూ పోయెన్ కళ్లు తెరిచే ఉంచాడు, నీళ్లు నిండి ఏమీ కనబడకపోయినా.