పాజ్ మామయ్య కుట్టిన కోటు

అందుకే, ‘దొరికితే చెప్తాం’ సీరియల్ మాకు మొత్తం నోటికొచ్చు అని ఇంకెవరి దగ్గరైనా గొప్పలు చెప్పుకోండి గానీ, పాజ్ మామయ్య దగ్గర మాత్రం నోరు జారకండి. జారారో, వచ్చిన పని మూలన పడుతుంది. ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని వెళ్ళిన బ్యాంకు గుమస్తా ఒకాయన పొరపాటున ఆ మాటే అన్నాడు. “అలాగా? అయితే మూడో భాగంలో ఆఫీసరు వెనక కొక్కేనికి ఏం వేలాడుతోంది?” అని మామయ్య అడిగాడు. గుమస్తా నీళ్ళు నమిలాడు. ఇక అంతే. పాపం ఆయన సగం పూట షాపు బల్ల మీదే కూర్చుని, పొడుగు తగ్గని ప్యాంటుతోనే ఇంటికి పోయాడు.

మామయ్య పని దర్జీ పని. ముందు గదిలో షాపు, వెనక రెండు గదుల్లో కాపురం. కుట్టు మిషను మీద, దారపుకండెల పక్కన, సెల్‌ఫోను నిలబెట్టడానికి ఇనపతీగతో ఒక స్టాండు వంచి పెట్టుకున్నాడు. అందులో పొద్దస్తమానం ఆ సీరియలే. కాలు మిషను తొక్కుతూ ఉంటుంది, కళ్ళు ఫోనులో ఉంటాయి, ఉన్నట్టుండి మిషను ఆగుతుంది. ఆగిందంటే బొమ్మా ఆగిందన్న మాట. అందుకే వీధి వీధంతా ఆయన్ని పాజ్ మామయ్య అంటుంది. ఆయనకు ఆ పేరంటే కోపం లేదు. పైగా కాస్త గర్వం.

సీరియల్ సంగతి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అది పోయిన వస్తువుల ఆఫీసు కథ. జనం గొడుగులూ సంచులూ పోగొట్టుకుని వస్తారు. నల్లకోటు ఆఫీసరు వాళ్ళతో తియ్యగా మాట్లాడి, చేతిలో మిగిలినవి కూడా పోగొట్టి పంపిస్తాడు. వచ్చిన కొత్తలో దాన్ని చూసే దిక్కు లేదు. మధ్యలోనే ఆపేశారు. ఎన్నో ఏళ్ళ తర్వాత జనానికి పిచ్చి పట్టింది. ఆఫీసరు కౌంటరు మీద చెయ్యి వేసి, కనుబొమ్మ ఎగరేసి “పోయింది మీది, పరువు మాది” అనే ఒక్క బొమ్మ ఉంది చూశారూ, అది ఇప్పుడు టీకప్పుల మీదా బనియన్ల మీదా ఆటోల వెనకా ఉంది.

జనం నవ్వడానికి చూస్తారు. మామయ్య నవ్వడం ఎప్పుడో మానేశాడు. ఆయన చూసేది నవ్వుకు వెనకాల ఉన్నదాన్ని. కొక్కేనికి మొదటి భాగం నుంచీ ఒక వంకర పిడి గొడుగు వేలాడుతూనే ఉంటుంది. దాన్ని పోగొట్టుకున్న ముసలాయన చివరి భాగంలో వచ్చి అడిగేసరికి ఆ కొక్కెం ఖాళీ. ఎవరూ దాని ఊసెత్తరు. ఆకుపచ్చ శాలువా కప్పుకున్న ఒకావిడ క్యూలో నిలబడి ఉంటుంది, సీరియల్ అయిపోయేదాకా ఆవిడకు కౌంటరు దక్కదు. పంజరంలో చిలక ఓసారి బతికున్నది, ఓసారి గుడ్డతో చేసింది. ఇవన్నీ కనిపెట్టింది తనేనని మామయ్య నమ్మకం. కావచ్చు. ఇంకెవరికి అంత తీరిక ఉంది?

అన్నిట్లోకీ పెద్దగా కనిపెట్టింది వేరే ఉంది. ఆ టీకప్పుల మీద బొమ్మ, జనమంతా నెత్తిన పెట్టుకున్న బొమ్మ, తిరగబడిన బొమ్మ. అద్దంలో చూసినట్టు కుడి ఎడమైంది. ముందు షాటులో ఆఫీసరు చూసే వైపూ ఇందులో చూసే వైపూ కలవలేదని ఎడిటింగులో తిప్పేసి ఉంటారు. అందరి కళ్ళూ కనుబొమ్మ మీదే ఉంటాయి గనక ఎవరూ పట్టుకోలేదు. దర్జీ కన్ను జేబు మీద ఉంటుంది. మగవాళ్ళ కోటుకు పైజేబు ఎడమ పక్కన ఉండాలి, ఆ బొమ్మలో కుడి పక్కన ఉంది. గుండీలు పట్టే కాజాలు ఎడమ అంచుకు ఉండాలి, ఆ బొమ్మలో ఆడవాళ్ళ కోటుకు ఉన్నట్టు కుడి అంచుకున్నాయి. ఇది కనిపెట్టిన రోజు మామయ్య మిషను దిగి వీధిలోకి పరుగెత్తాడు. ఎదురింటివాళ్ళకు చెప్పాడు. “అయితే?” అన్నారు వాళ్ళు. ఆ ‘అయితే’ ఆయన గుండెల్లో ఇప్పటికీ సూదిలా ఉంది.

కన్ను పదునైతే సరిపోదు, నోటికి తాళం కూడా ఉండాలి. ఆ తాళం లేకే ఆయన అక్క ఆయనతో మాట్లాడడం మానేసింది. అక్కావాళ్ళు కొత్త ఇల్లు కొనుక్కుని దిగినరోజు వీడియో తీయించారు. తర్వాత చుట్టాలందర్నీ కూర్చోబెట్టి టీవీలో వేశారు. అందరూ ఎవరి మొహం వాళ్ళు చూసుకుని మురుస్తుంటే మామయ్య రిమోటు లాక్కుని బొమ్మ ఆపాడు. “ఇక్కడ కంటిన్యుటీ తప్పిందక్కా” అన్నాడు. పొద్దున అక్క మెడలో పెద్ద గొలుసు ఉంది, మధ్యాహ్నం లేదు. వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. మధ్యాహ్నం ఆ గొలుసు అక్క తోడికోడలి మెడలో ఉంది. గొలుసు ఎవరిది, ఎవరు అరువు తెచ్చుకున్నారు అన్నది గదిలో గోడలకు కూడా అర్థమైంది. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. మామయ్య వాళ్ళు తన చూపును మెచ్చుకుంటున్నారనుకుని మరోసారి తిప్పాడు.

ఆ రోజు నుంచీ అక్క తమ్ముడి గుమ్మం తొక్కలేదు. పైకి మామయ్య “పోతే పోయింది” అనేవాడు. కానీ షాపు ముందు ఆటో ఆగిన ప్రతిసారీ మిషను ఆగేది. ఆ పాజ్ సీరియల్ కోసం కాదని ఆయన భార్యకు తెలుసు. ఆయన్ని చేత్తో అన్నం పెట్టి పెంచింది ఆ అక్కే మరి.

ఇలా ఉండగా ఆ అక్క కొడుక్కి, అంటే మేనల్లుడికి, పెద్ద హోటల్లో, వచ్చినవాళ్ళను పలకరించే కౌంటరు దగ్గర ఉద్యోగం దొరికింది. నల్లకోటు ఎవరిది వాళ్ళే కుట్టించుకోవాలట. వాడు వేరే ఊళ్ళో శిక్షణలో ఉన్నాడు. అక్కడి నుంచే ఫోను చేసి, “మామయ్యా, కోటు నువ్వే కుట్టాలి. మన ఆఫీసరు కోటులా ఉండాలి” అన్నాడు. చిన్నప్పుడు ఈ మామయ్య ఒళ్ళో కూర్చునే వాడు ఆ సీరియల్ చూశాడు. వెంటనే ఫోనుకు బొమ్మ కూడా పంపాడు. ఏ బొమ్మ? అదే, కనుబొమ్మ బొమ్మ. ఆ పైన గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. “అమ్మే చెప్పింది నీ దగ్గర కుట్టించుకోమని. నేను కోటు వేసుకుని కౌంటర్లో నిలబడ్డ ఫోటో చూశాక మీ ఇంటికొస్తానంది.”

మామయ్య రెండు రోజులు గాల్లో తేలాడు. వాడి పాత చొక్కా కొలతలు షాపులోనే ఉన్నాయి. మంచి గుడ్డ తెచ్చాడు. కత్తెర పట్టే ముందు ఫోను తెరిచి ఆ బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. చూసి చూసి, తనలో తనే నవ్వుకుని, సుద్ద తీసుకుని గీశాడు.

కాజాలు కుట్టేది ఆయన భార్య. చేత్తో కుట్టే కాజాల్లో ఆవిడ చెయ్యి ఆయన చెయ్యి కంటే మేలు. కోటు ఒళ్ళో పరుచుకోగానే ఆవిడ సూది ఆగింది.

“ఏమయ్యా, కాజాల గుర్తులు కుడి అంచుకు పెట్టావు. ఇది అబ్బాయి కోటా, అమ్మాయి కోటా?”

“ఆఫీసరు కోటు.”

“ఆఫీసరు మగాడేగా?”

మామయ్య ఫోను తెచ్చి ఆవిడ ముక్కు కింద పెట్టాడు. ఆవిడ చూసింది. ఆ బొమ్మను ఆవిడ తన పెళ్ళి ఫోటోల కంటే ఎక్కువసార్లు చూసింది.

“బొమ్మ తిరగేశారని ఇన్నేళ్ళుగా నువ్వే కదా చెవిలో జోరీగలా రొద పెడుతున్నావు? తిరగేసిన బొమ్మ అని తెలిసినవాడివి తిన్నగా కుట్టాలి గానీ, నువ్వూ తిరగేసి కుడతావేంటి?”

“నీకర్థం కాదు. సీరియల్ మొత్తంలో అన్ని బొమ్మలుండగా వాడు ఈ బొమ్మే ఎందుకు పంపాడు? వాడికీ తెలుసు. నాకు తెలుసనీ తెలుసు. ఇది మా ఇద్దరి మధ్య లెక్క.”

చూశారా. ఎదురింటివాళ్ళ ‘అయితే’ ఎంత పని చేసిందో. లోకంలో ఒక్కడైనా తను చూసింది చూశాడని ఆయన ఆశ. అడగొచ్చుగా, ఫోను చేతిలోనే ఉందిగా అని మీరంటారు. భార్య కూడా అంది. అడిగితే ఆ మజా పోతుందట. ఆవిడ నిట్టూర్చి, “కందకు లేని దురద కత్తిపీటకెందుకులే” అనుకుని కాజాలు కుట్టేసింది. పైజేబు కూడా కుడి పక్కనే పెట్టి, ఇస్త్రీ చేసి, అట్టపెట్టెలో మడిచి బస్సుకు వేశారు.

మేనల్లుడికి ఆ లెక్కేమీ తెలియదు. ఫోనులో ఆఫీసరు అని వెతికితే మొదట వచ్చిన బొమ్మ పంపాడు, అంతే. పెట్టె చేరిన పొద్దున హడావుడిలో కోటు తొడుక్కుని గుండీల కోసం తడుముకుంటే చెయ్యి అలవాటు లేని పక్కకు పోయింది. టైము లేదు. అలాగే పరుగెత్తాడు. కౌంటరు పెద్దావిడ వాణ్ణి పైనుంచి కిందికి చూసి, మర్యాదగానే, “మీ చెల్లెలి కోటు వేసుకొచ్చారా?” అని అడిగింది. కొత్తగా చేరినవాళ్ళందర్నీ వరసగా నిలబెట్టి ఫోటో తీశారు. అందరి జేబులూ, జేబుల మీద పేరు బిళ్ళలూ ఒక పక్కన మెరుస్తున్నాయి. వీడిది ఒక్కటే రెండో పక్కన.

ఆ ఫోటో అక్కకు వెళ్ళింది. చూపు ఆ వంశంలోనే ఉంది, తమ్ముడొక్కడి సొత్తేం కాదు. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి అక్క దగ్గర్నుంచి ఫోను వచ్చింది. మామయ్య మిషను ఆపి ఎత్తాడు. అవతల నుంచి పలకరింపు లేదు, క్షేమ సమాచారం లేదు.

“కంటిన్యుటీ తప్పింది తమ్ముడూ.”

ఆ వెంటనే అక్కే అంది, కోటు తిరిగి పంపిస్తున్నాననీ, ఆదివారం తనే వస్తాననీ, ఆ పూటకు సరిచేసి పెట్టకపోతే ఇక ఆ గుమ్మం మొహం చూడననీ. ఫోను పెట్టేశాక మామయ్య భార్య వైపు తిరిగి, “వస్తానంది” అన్నాడు. తిట్టిన సంగతి ఆయనకు గుర్తే లేదు.

కాజా తెగిన గుడ్డను మళ్ళీ అతకలేం. ముందు భాగాలు రెండూ విప్పేసి కొత్తగా కత్తిరించాలి. ఇంట్లో ఆ గుడ్డ మిగల్లేదు. ఆదివారం పొద్దున్నే మామయ్య నల్లగుడ్డ ముక్క ఒకటి నమూనాకు కత్తిరించి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గుడ్డల కొట్టు ఆదివారం మధ్యాహ్నానికి మూసేస్తారు. “ఇలా వెళ్ళి అలా వస్తా, అక్క వస్తే కూర్చోబెట్టు” అన్నాడు.

దారిలో ఫోన్లు బాగుచేసే కొట్టుంది. అందులో పెద్ద టీవీ ఉంది. దాంట్లో ఏం నడుస్తోందో మీకు చెప్పక్కర్లేదు. మామయ్య చూడకూడదనే తల తిప్పుకున్నాడట, పాపం. కానీ ఇన్నాళ్ళూ ఆయన చూసింది అరచేతంత ఫోనులో. ఇది గోడంత టీవీ. ఆకుపచ్చ శాలువా ఆవిడ క్యూలో నిలబడి ఉంది. శాలువా అంచు కింద ఏదో వంకరగా కనిపించింది.

“ఆపు, ఆపు” అన్నాడు మామయ్య కొట్లోకి దూకి. కొట్టు ఆయన ఆపాడు. వెనక్కి తిప్పించాడు. అది గొడుగు పిడి. ఆ గొడుగే. కొక్కేనికి లేని గొడుగు ఆవిడ చంకలో ఉంది. ముసలాయన వచ్చి వెతుకుతుంటే ఆవిడ ఆయన వెనకే నిలబడి ఉంది. కొట్టు ఆయన తల గోక్కుని, “అయితే?” అన్నాడు. మామయ్యకు ఈసారి వినపడలేదు. ముందు భాగం పెట్టమన్నాడు. దాని ముందుది పెట్టమన్నాడు.

ఇక్కడ అక్క రానే వచ్చింది. ముందు భాగాలు విప్పేసిన కోటు హ్యాంగరుకు వేలాడుతుంటే దాని ఎదురుగా కూర్చుంది. మరదలు టీ ఇచ్చింది. “ఈ గోడ రంగు మార్చారు కదూ. ఆ కుర్చీ అప్పుడు కిటికీ దగ్గర ఉండేది” అంది అక్క, కప్పు మీంచి చుట్టూ చూస్తూ. ఇద్దరూ కలిసి చాలాసేపు మామయ్యను ఆడిపోసుకున్నారు. టీ మళ్ళీ పెట్టుకున్నారు. ఎండ నడినెత్తి దాటింది. ఇక లాభం లేదని అక్క చెప్పులు వేసుకుంటుండగా మామయ్య చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చాడు. రెండు చేతులూ ఖాళీ.

అన్నేళ్ళ తర్వాత అక్కను చూసి ఆయన అన్న మొదటి మాట, “గొడుగు శాలువా ఆవిడ దగ్గరుందక్కా.”

భార్య నుదురు కొట్టుకుంది. అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా అలాగే నిలబడింది.

“ఏ చంకలో?” అంది.

“ఎడమ.”

“నేను కుడి అనుకున్నాను” అని చెప్పు విడిచి మళ్ళీ లోపలికొచ్చి కూర్చుంది. హ్యాంగరు వైపు చూసి, “గుడ్డేదిరా?” అని అడిగింది. మామయ్య జేబు తడుముకున్నాడు. ముక్క జేబులోనే ఉంది. కొట్టు మూసేశారు.

మేనల్లుడు రెడీమేడ్ కోటు ఒకటి కొనుక్కుని ఉద్యోగం చేసుకుంటున్నాడు. హాయిగా ఉన్నాడు. అక్క మాత్రం ప్రతి ఆదివారం, “ఆ కోటు ఏమైంది?” అని అడగడానికి వస్తుంది, తిట్టాల్సినంత తిట్టి, టీ తాగి పోతుంది. ఆవిడ రావాలనే మామయ్య కావాలని గుడ్డ తేవడం లేదని వీధిలో కొందరు అంటారు. అంత తెలివే ఉంటే ఆయన ఆ కోటు తిన్నగానే కుట్టి ఉండేవాడు. ఆ నమూనా ముక్క జేబులోనే ఉండి చొక్కాతో పాటు ఉతుకుల్లో పడి, నలుపు పోయి బూడిద రంగుకొచ్చింది. రేపు పొద్దున్నే గుడ్డల కొట్టుకు వెళతానని నిన్న కూడా అన్నాడు.