నెర్రెలో పెట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు, సముద్రాలవతల మేముండే క్రెయిగీబర్న్‌లో మా పెరడంటే నాకు హడల్. గడ్డపార ఎక్కడ దింపినా నల్లరాయి ఖంగుమనేది. ఆ రాళ్లన్నీ ఒకనాటి అగ్నిపర్వతాల లావా అని బడిలో టీచరు చెప్పిన దగ్గర్నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. వేసవికి నేల నెర్రెలు విచ్చితే, అడుగున నిప్పు కదులుతోందనుకున్నాను. పెరట్లో కాలు పెట్టడం మానేశాను. ఇల్లు మారదామని రోజూ ఏడ్చేదాన్ని.

ఆ వేసవిలో గుంటూరు నుంచి మా తాతయ్య వచ్చాడు. నల్లరేగడిలో మిరప పండించిన మనిషి. పెరట్లో గోంగూర వేద్దాం రమ్మంటే నేను గుమ్మం దాటనన్నాను. నా గోల విని, ఆ నిప్పుకొండ మొహమేదో ఒకసారి చూసొద్దామని నాన్నను కారు తియ్యమన్నాడు. పడమటి తీరం దగ్గరున్న పాత అగ్నిపర్వతం చేరేదాకా నేను ఆయన చొక్కా కొస వదల్లేదు.

అంచు నుంచి లోపలికి చూడగానే తాతయ్య వెనక్కి దూరాను. అడుగున ఎండిన చెరువు మీంచి తెల్లగా ఏదో లేస్తోంది. గాలికి లేచిన దుమ్మని నాన్న చెప్పినా నమ్మలేదు. చోటు చూపిస్తున్న రేంజరు, ఒకప్పుడు ఇక్కడ బూడిద తప్ప ఏమీ లేదనీ, ఈ చెట్లూ ఈము పక్షులూ తర్వాత వచ్చినవేననీ చెప్పాడు. కొండ నిద్రపోతోందే గానీ చావలేదన్నాడు. నాకు ఆ చివరి మాటే వినపడింది.

"తాతయ్యా, ఇట్స్ నాట్ డెడ్" అని ఆయన చొక్కా పట్టి వెనక్కి లాగాను.

చెరువులోకి దిగాక తాతయ్య చెప్పులు విడిచాడు. చేలో దిగే ముందు చేసినట్టే నేలను తాకి కళ్లకద్దుకున్నాడు. ఒక నెర్రె పక్కన గొంతుకూర్చుని మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. నావైపు తిరిగాడు.

"నాకు మాత్రం భయం లేదా తల్లీ? నువ్వూ పెట్టి చూడు. వేడిగుంటే ఇద్దరం లగెత్తుదాం."

కళ్లు మూసుకుని పెట్టాను. లోపల చల్లగా, తడిగా ఉంది. వేళ్లకు మెత్తగా ఏదో తగిలితే చచ్చాననుకున్నాను. తొంగిచూస్తే, ఇంకా పైకి రాని లేత మొలక.

ఇంటికొచ్చాక మా పెరటి నెర్రెలోనూ చెయ్యి పెట్టి చూసి, ఇద్దరం గోంగూర చల్లాం.

తాతయ్య ఇప్పుడు లేడు. నా జుట్టు నెరిసింది గానీ భయం పోలేదు. ఆ కొండ లేవదని నాకెవరూ మాటివ్వలేదు. ప్రతి వేసవిలోనూ చెప్పులు విడిచి, నేలను తాకి కళ్లకద్దుకుని, నెర్రెలో చెయ్యి పెడతాను. చల్లగా ఉంటేనే గోంగూర వేస్తాను. ఇంతవరకూ వెయ్యని ఏడు లేదు.